శిక్ష పడేదాకా ఆగాలా? హింస బాధితులకు పరిహారం: ఎక్కడ అడగాలి, ఏం జత చేయాలి, ఎక్కడ ఆగిపోతుంది

బెంజ్‌సర్కిల్_పద్మ
మహిళా సంఘం మీటింగుల్లో పదే పదే వచ్చే ప్రశ్న. ఉదాహరణకి సింగ్‌నగర్‌లో ఒకామెకి భర్త నిప్పంటించాడనుకోండి. 35 శాతం కాలిన గాయాలు. కేసు కట్టారు, అతను రిమాండులో ఉన్నాడు. ఆమె పుట్టిల్లు గుంటూరు. ప్రభుత్వం పరిహారం ఇస్తుందంటారు. కేసు తేలాక ఇస్తారా, ముందే ఇస్తారా? అప్లికేషన్ విజయవాడలో పెట్టాలా, గుంటూరులోనా? తెలిసినవాళ్ళు వివరంగా రాయండి. పేర్లు, ఊళ్ళు వేసి నిజం కేసులు మాత్రం రాయొద్దు.

సూర్యారావుపేట_మురళి
శిక్ష పడ్డాక జడ్జిగారు జరిమానా వేస్తారు, అందులోంచి ఇప్పిస్తారు. అప్పటిదాకా ఆగాల్సిందే కదండీ.

బ్రాడీపేట_లాయర్
మురళి గారూ, మీరు చెప్పింది ఒక దారి మాత్రమే. అది ముద్దాయి జేబులోంచి వచ్చే డబ్బు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) సెక్షన్ 357, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 395. అందులో ఓ మెలిక ఉంది. జరిమానాలోంచి ఇమ్మని తీర్పు వచ్చినా, అప్పీలు గడువు ముగిసేదాకా, అప్పీలు వేస్తే అది తేలేదాకా ఆ డబ్బు చేతికివ్వరు. సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టులో అప్పీలు అంటే ఎన్నేళ్ళో మీకే తెలుసు.

పద్మగారు అడిగింది రెండో దారి. ప్రభుత్వ నిధి నుంచి వచ్చేది. పాత 357ఎ, 2024 జూలై 1 నుంచి బీఎన్‌ఎస్‌ఎస్ 396. దీనికి ముద్దాయికి శిక్ష పడాలన్న షరతు లేదు. ముద్దాయి దొరక్కపోయినా, ఎవరో తెలియక విచారణే జరక్కపోయినా బాధితులు నేరుగా న్యాయ సేవాధికార సంస్థకి (ఉచిత న్యాయసాయం చూసే ప్రభుత్వ సంస్థ) దరఖాస్తు పెట్టుకోవచ్చు, అది 396(4). కేసు కొట్టేసినా, బాధితురాలికి పునరావాసం అవసరమని కోర్టు అనుకుంటే సిఫారసు చేయొచ్చు, అది 396(3). ఎంక్వైరీ రెండు నెలల్లో ముగించాలని చట్టమే చెప్పింది.

మహిళల విషయంలో ఇంకా సులువు. నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఆమోదించిన నల్సా (జాతీయ న్యాయ సేవాధికార సంస్థ) పథకం 2018 అక్టోబరు 2 నుంచి ఉంది. అత్యాచారం, యాసిడ్ దాడి, కాలిన గాయాలు, గర్భం పోవడం, అవయవం పోవడం అన్నీ అందులో ఉన్నాయి. చార్జిషీటు కూడా పడక ముందే మధ్యంతర పరిహారం (తుది ఆర్డరుకి ముందే ఇచ్చే కొంత డబ్బు) అడగొచ్చు. శిక్ష పడ్డాక చూద్దాం అని బాధితులకి చెప్పేవాళ్ళు తెలియక చెప్తున్నారో, పని తప్పించుకోడానికి చెప్తున్నారో గానీ అది తప్పు.

కృష్ణలంక_పీఎల్‌వీ
అప్లికేషన్ సంగతి. నేరం జరిగిన చోటుని బట్టి చూస్తారు. సింగ్‌నగర్ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. కానీ 2022 ఏప్రిల్ 4న రెవెన్యూ జిల్లాలు విడిపోయినా కోర్టుల పరిధి పాత లెక్కనే నడుస్తోంది. కాబట్టి సంస్థ మచిలీపట్నంలోని కృష్ణా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ. అందరూ బందరు బస్సెక్కనక్కర్లేదు. విజయవాడ కోర్టుల్లో ఉన్న మండల న్యాయ సేవా కమిటీలో ఇస్తే అక్కడికి పంపుతారు. చేతికిచ్చినా, రశీదు ముద్ర వేసిన కాపీ మాత్రం మీ దగ్గర ఉండాలి. గుంటూరు కేసులకి గుంటూరు జిల్లా కోర్టులోనే సంస్థ ఉంది. తెనాలి, నరసరావుపేట, బాపట్ల వాళ్ళు అక్కడి మండల కమిటీల్లో ఇవ్వొచ్చు. ఏదీ తోచకపోతే 15100కి ఫోన్ చేయండి, నల్సా హెల్ప్‌లైన్ అది. వన్ స్టాప్ సెంటర్ (హింసకి గురైన మహిళలకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రం) నుంచి కూడా దరఖాస్తు పంపించొచ్చు.

జత చేయాల్సినవి: పథకంలోని దరఖాస్తు నమూనా ఫారం 1, ఎఫ్ఐఆర్ కాపీ (స్టేషన్‌లో ఉచితంగా ఇవ్వాలి, బీఎన్‌ఎస్‌ఎస్ 173(2)), ఆసుపత్రి కాగితాలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ. చనిపోతే డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. ఎఫ్ఐఆర్ లేకపోతే కోర్టులో వేసిన ప్రైవేటు ఫిర్యాదు కాపీ అయినా సరిపోతుంది. ఆసుపత్రి కాగితాలు అన్నీ చేతికొచ్చాకే ఇద్దామని ఆగకండి. ఉన్నవాటితో పెట్టేసి, మిగతావి తర్వాత జత చేయండి. ఫీజు లేదు, స్టాంపు లేదు. మహిళలకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి, వికలాంగులకి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయవాది కూడా ఇస్తారు.

ఇంకొకటి. భార్య మీద క్రూరత్వం, గాయాలతో సహా ఉన్న కేసుల్లో ఎఫ్ఐఆర్ కాపీని పోలీసులే వెంటనే న్యాయ సేవాధికార సంస్థకి పంపాలని పథకంలో ఉంది. పంపారో లేదో స్టేషన్ రైటర్‌ని అడగండి. పంపలేదంటే దరఖాస్తులోనే ఆ మాట ఒక వాక్యం రాయండి.

మోడరేటర్
పైన ఒక సభ్యుడు పెట్టిన ఎఫ్ఐఆర్ ఫోటో తీసేశాను. లైంగిక నేరాల్లో బాధితురాలి పేరే కాదు, గుర్తుపట్టే ఏ వివరం బయటపెట్టినా భారతీయ న్యాయ సంహిత (బీఎన్‌ఎస్) 72 కింద నేరం. పిల్లలైతే లైంగిక నేరాల నుంచి పిల్లల్ని కాపాడే చట్టం (పోక్సో) 23 కూడా. పేరు మీద నల్లగీత గీసి, కింద తండ్రి పేరూ వీధి పేరూ వదిలేస్తే దాచినట్టు కాదు.

నవోదయకాలనీ_సుధ
మొత్తం ఎంత వస్తుంది? ఒక్కొక్కరు ఒక్కోటి చెప్తున్నారు.

బ్రాడీపేట_లాయర్
నల్సా పథకం పట్టిక ప్రకారం, సుధగారూ:

అత్యాచారం 4 నుంచి 7 లక్షలు. సామూహిక అత్యాచారం 5 నుంచి 10 లక్షలు. మరణం 5 నుంచి 10 లక్షలు. కాలిన గాయాలు 20 శాతం లోపు 2 నుంచి 3 లక్షలు, 50 శాతం లోపు 3 నుంచి 7 లక్షలు, 50 దాటితే 5 నుంచి 8 లక్షలు. ముఖం వికృతమైతే శాతంతో పని లేకుండా 7 నుంచి 8 లక్షలు. యాసిడ్‌లోనూ ముఖానికి ఇదే. గర్భం పోతే 2 నుంచి 3 లక్షలు. బాధితురాలు మైనరైతే ఈ పరిమితులు 50 శాతం పెరుగుతాయి. ఒకటి కంటే ఎక్కువ వర్గాల్లోకి వచ్చే కేసులో వాటిని కలిపి లెక్కేయమని అడగొచ్చు. చాలామంది అడగరు, కాబట్టి లెక్కేయరు.

పద్మగారి ఉదాహరణలో 35 శాతం కాబట్టి గరిష్ఠం 7 లక్షలు. మధ్యంతరం గరిష్ఠంలో 25 శాతానికి తగ్గకూడదు, అంటే 1 లక్షా 75 వేలు. మధ్యంతరం డిపాజిట్‌లో పెట్టరు, మొత్తం చేతికే ఇస్తారు. యాసిడ్ అయితే లెక్క వేరు: విషయం సంస్థ దృష్టికి వచ్చిన 7 రోజుల్లో ఆర్డరు, ఆ తర్వాత 8 రోజుల్లో లక్ష, మరో రెండు నెలల్లో ఇంకో 2 లక్షలు.

దరఖాస్తులో 'తగిన పరిహారం ఇప్పించగలరు' అని వదిలేయకండి. వర్గం పేరు రాసి, శాతం రాసి, మధ్యంతరం వేరుగా ఇంత, తుది ఇంత అని అడగండి.

జీజీహెచ్_రికార్డ్స్
కాలిన కేసుల్లో డబ్బు తగ్గిపోయేది ఆసుపత్రి కాగితాల దగ్గరే. మూడు చోట్ల చూడండి.

మొదటిది, చేర్చినప్పుడు రాసిన హిస్టరీ. క్యాజువాలిటీలో తీసుకొచ్చినవాళ్ళు అత్తింటివాళ్ళే అయితే 'స్టవ్ పేలి' అని చెప్తారు. డ్యూటీ డాక్టరు అదే యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాస్తాడు. తర్వాత ఆమె నోరు విప్పి భర్తే అంటించాడని చెప్పినా పాత రాత పోదు. అది చెరిపేయమని ఎవరినీ బతిమాలొద్దు, చెరిపేస్తే ఇంకా పెద్ద ప్రమాదం. ఆ మాట ఎవరు చెప్పారు, ఆమె పక్కన అప్పుడు ఎవరున్నారు అన్నది పోలీసు వాంగ్మూలంలో, వీలైతే మేజిస్ట్రేటు ముందు బీఎన్‌ఎస్‌ఎస్ 183 కింద ఇచ్చే వాంగ్మూలంలో స్పష్టంగా రావాలి. పరిహారం ఫైల్లో ఆ కాపీ కూడా పెట్టాలి.

రెండోది, శాతం. చేరిన రోజు కేసు షీట్‌లో ఒక అంకె ఉంటుంది, డిశ్చార్జి సమ్మరీలో ఒకటి, వూండ్ సర్టిఫికెట్‌లో (గాయాల ధ్రువపత్రం) ఇంకొకటి. ఒక దాంట్లో 18, ఇంకో దాంట్లో 24 ఉందనుకోండి, 20 దగ్గర గీత ఉంది కాబట్టి లక్షల తేడా. సర్జరీ విభాగం నుంచి ఏది సరైనదో ఒక స్పష్టీకరణ తీసుకోండి.

మూడోది, 'ఒపీనియన్ రిజర్వ్‌డ్'. వూండ్ సర్టిఫికెట్‌లో సాధారణమా, తీవ్రమా అన్నది ఎక్స్‌రే వచ్చాక చెప్తామని రాస్తారు. ఎక్స్‌రే రిపోర్టు ఎవరూ తీసుకెళ్ళి చూపించకపోతే అది అలాగే ఉండిపోతుంది. చార్జిషీటులో తక్కువ సెక్షను పడుతుంది, పరిహారమూ చిన్న వర్గంలోకి జారుతుంది. వూండ్ సర్టిఫికెట్ కుటుంబానికివ్వరు, దర్యాప్తు అధికారికి వెళ్తుంది. కుటుంబం చేతికొచ్చేది డిశ్చార్జి సమ్మరీ. అందులో ఎంఎల్‌సీ (పోలీసు కేసు ఉన్న మెడికో లీగల్ కేసు) నంబరు ఉందో లేదో గేటు దాటకముందే చూసుకోండి.

మంగళగిరి_శ్రావణి
కాలిన గాయాలకి ఖర్చు డిశ్చార్జితో అయిపోదు. ప్రెషర్ గార్మెంట్లు నెలల తరబడి వేసుకోవాలి, అవి సాగిపోతే మళ్ళీ కొత్తవి కొలతలు తీసుకుని కుట్టించుకోవాలి. మెడ, మోచేయి, వేళ్ళ దగ్గర చర్మం ముడుచుకుపోతే మళ్ళీ సర్జరీ. వీటికి బిల్లులు ఇంకా ఉండవు కాబట్టి, ప్లాస్టిక్ సర్జన్ దగ్గర ముందుముందు ఏమేం అవసరమో, సుమారు ఎంతవుతుందో లెటర్‌హెడ్ మీద రాయించుకుని ఫైల్లో పెట్టండి. మందుల షాపు బిల్లు మీద పేషెంటు పేరు ఉండాలి. 'క్యాష్' అని రాసిన బిల్లుల్ని లెక్కలోకి తీసుకోరు.

అంగవైకల్యం మిగిలితే సదరం (వైకల్యం శాతం తేల్చే ప్రభుత్వ) సర్టిఫికెట్‌కి స్లాట్ తీసుకోండి. యాసిడ్ బాధితులు 2016 వికలాంగుల హక్కుల చట్టంలో వేరే వర్గంగానే ఉన్నారు.

సూర్యారావుపేట_మురళి
ప్రైవేటు ఆసుపత్రి అడ్వాన్సు కట్టమంటే?

బ్రాడీపేట_లాయర్
యాసిడ్, అత్యాచారం, పోక్సో కేసుల్లో ప్రభుత్వ, ప్రైవేటు తేడా లేకుండా ప్రథమ చికిత్స, వైద్యం వెంటనే ఉచితంగా చేయాలి, పోలీసులకి తెలపాలి. బీఎన్‌ఎస్‌ఎస్ 397. చేయకపోతే ఆసుపత్రి బాధ్యుడికి బీఎన్‌ఎస్ 200 కింద ఏడాది వరకూ జైలు. మామూలు నిప్పు గాయాలు ఆ జాబితాలోకి రావు. అక్కడ స్టేషన్ ఇన్‌చార్జి అధికారి గానీ మేజిస్ట్రేటు గానీ సర్టిఫికెట్ ఇస్తే, 396(6) కింద న్యాయ సేవాధికార సంస్థ ఉచిత వైద్యానికి ఆర్డరు వేయొచ్చు. ఈ సర్టిఫికెట్ అడిగేవాళ్ళే లేరు.

గాంధీనగర్_బ్యాంక్
డబ్బు మంజూరయ్యాక వెనక్కి వెళ్ళిపోయే కారణాలు ఇవి.

జాయింట్ ఖాతా. భార్యాభర్తలిద్దరి పేరు మీదున్న ఖాతా నంబరు ఇస్తే, ఏటీఎం కార్డు అతని దగ్గరో, అతని తమ్ముడి దగ్గరో ఉంటుంది. కొత్తది ఆమె ఒక్కదాని పేరు మీద తెరవండి, మొబైల్ నంబరూ మార్చండి.

కేవైసీ పూర్తికాని 'స్మాల్ అకౌంట్'. ఏడాదికి మొత్తం జమ లక్ష దాటకూడదు, నిల్వ 50 వేలు దాటకూడదు, నెలకి 10 వేలకి మించి తీయలేరు. లక్షా 75 వేలు దాంట్లో ఎలా పడుతుంది? ముందే పూర్తి కేవైసీ చేయించుకోండి.

ఇంటిపేరు. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాస్‌బుక్‌లో అత్తింటిది, ఎఫ్ఐఆర్‌లో ఇంకోటి. మూడూ ఒకటే కావాలని లేదు గానీ, ఆర్డరులో పేరూ ఖాతాలో పేరూ ఒకటి కావాలి. దరఖాస్తులో 'ఫలానా అను ఫలానా' అని రెండూ రాయించండి.

తుది పరిహారంలో 25 శాతమే వాడుకోడానికి ఇస్తారు, 75 శాతం కనీసం మూడేళ్ళ ఫిక్స్‌డ్ డిపాజిట్. 4 లక్షలైతే లక్ష చేతికి, 3 లక్షలు డిపాజిట్. వడ్డీ నెలనెలా సేవింగ్స్‌లో పడాలి. బ్రాంచిలో అలవాటుగా మెచ్యూరిటీకి కలిపేసే రకం తెరుస్తారు, అప్పుడు నెల వడ్డీ రాదు. ఆర్డరు కాపీ చూపించి నెలవారీ వడ్డీ రకమే తెరవమనండి. మైనరైతే 80 శాతం డిపాజిట్, మేజరయ్యాక గానీ తీయరు, అదీ మూడేళ్ళు నిండాకే. చదువుకో వైద్యానికో తప్పనిసరైతే ముందే తీసుకోడానికి సంస్థ అనుమతి అడగొచ్చు. బ్యాంకు మేనేజరు తనంతట తాను ఇవ్వలేడు, ఆయన్ని తిట్టి లాభం లేదు.

ఐసీడీఎస్_రిటైర్డ్
భర్త కేసుల్లో గృహహింస చట్టం మర్చిపోతున్నారు. 2005 చట్టం. పుట్టిల్లు గుంటూరు అన్నారు కదా, ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటైనా మేజిస్ట్రేటు కోర్టులో వేయొచ్చు, సెక్షన్ 27. ప్రొటెక్షన్ ఆఫీసరు (ఈ చట్టం కింద బాధితురాలికి సాయం చేసే అధికారి) డీఐఆర్ (గృహహింస ఘటన నివేదిక) రాస్తారు, సెక్షన్ 12 కింద పిటిషను. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో, పిటిషను 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. నడక అంత వేగంగా లేదు, అందుకే పిటిషనుతో పాటే సెక్షన్ 23 కింద మధ్యంతర ఉత్తర్వు అడగాలి.

పిటిషన్లలో జరిగే పెద్ద లోపం: మనోవర్తి ఒక్కటే అడుగుతారు. సెక్షన్ 20 కింద వైద్య ఖర్చులు, పోయిన జీతం, పాడైన వస్తువుల విలువ కూడా వస్తాయి. సెక్షన్ 22 కింద శారీరక, మానసిక హింసకి పరిహారం పూర్తిగా వేరు. ప్రేయర్‌లో (కోర్టుని ఏం కోరుతున్నామో రాసే భాగం) 22 రాయకపోతే కోర్టు దాని జోలికి పోదు. భర్త ఉద్యోగి అయితే జీతంలోంచి నేరుగా కట్టమని యజమానిని ఆదేశించమనండి, 20(6). ఆస్తులు, అప్పుల అఫిడవిట్ ఇద్దరూ వేయాలని రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు, 2020. అందులో అంకెలు దాచిపెడితే అదే ఆయన మీద ఆయుధం.

ఇది భర్త ఇచ్చే డబ్బు. న్యాయ సేవాధికార సంస్థది ప్రభుత్వ డబ్బు. ఒకటి వేస్తే రెండోది పోదు. అయితే ఫారంలో 'వేరే చోట ఏమైనా వచ్చిందా' అన్న గడి ఉంటుంది, నిజమే రాయండి. 

నవోదయకాలనీ_సుధ
పిల్లల కేసులకీ ఇదే ఫారమా?

కృష్ణలంక_పీఎల్‌వీ
కాదండీ. పోక్సోలో పరిహారం ప్రత్యేక కోర్టే వేస్తుంది. 2020 పోక్సో నిబంధనల్లో 9వది. ఎఫ్ఐఆర్ అయ్యాక ఏ దశలోనైనా మధ్యంతరం. పిటిషను వేయొచ్చు, కోర్టు తనంతట తానూ ఇవ్వొచ్చు. ముద్దాయి విడుదలైనా, దొరక్కపోయినా తుది పరిహారానికి అడ్డు లేదు. ఆర్డరు అందిన 30 రోజుల్లో ప్రభుత్వం చెల్లించాలి. మధ్యంతరంగా ఇచ్చింది తుది మొత్తంలో సర్దుతారు. అబ్బాయిలకీ వర్తిస్తుంది.

దీనికంటే ముందొకటుంది, 8వ నిబంధన. తిండికి, బట్టలకి, కోర్టుకి ఆసుపత్రికి ఛార్జీలకి బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) సిఫారసు చేస్తే వారంలోగా ఇవ్వాలి. కూలికి పోయే తల్లి వాయిదా రోజున కూలి పోగొట్టుకుని వస్తుంది, ఆమెకి లక్షల కంటే ముందు ఇదే కావాలి. సపోర్ట్ పర్సన్‌ని (కేసు నడిచినంతకాలం పిల్లలకి తోడుండే మనిషి) పెట్టించుకుంటే ఆయనే ఈ కాగితం నడిపిస్తారు.

2024 నవంబరులో సైబాజ్ షేక్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా చూపించండి: మైనర్లు, మహిళల మీద లైంగిక దాడి కేసుల్లో తీర్పు చెప్పేటప్పుడు సెషన్స్ కోర్టులు పరిహారం గురించి ఆదేశించాలని. తీర్పులో ఆ పేరా లేకపోతే ప్రభుత్వ న్యాయవాది (పీపీ) గారికి గుర్తు చేయండి.

అమరావతిరోడ్డు_రవి
ఎస్సీ ఎస్టీ బాధితులైతే కలెక్టరాఫీసు దారి కూడా ఉంది. అట్రాసిటీ నిబంధనలు 12(4), ఘటన తర్వాత 7 రోజుల్లో మొదలవ్వాలి. 2016 సవరణ పట్టికలో అత్యాచారానికి 5 లక్షలు, సామూహికమైతే 8 లక్షల 25 వేలు. అత్యాచారానికి సగం వైద్య పరీక్ష నిర్ధారణ మీద, పావు చార్జిషీటు మీద, పావు కింది కోర్టు విచారణ ముగిసినప్పుడు. చాలా ఇతర నేరాల్లో చివరి పావు శిక్ష పడితేనే.

ఇక్కడ ఆగేది కులధ్రువీకరణ పత్రం దగ్గర. పెళ్ళయ్యాక తీసింది కాదు, పుట్టింటి వివరాలతో ఉన్నది కావాలి. రెండో ఇబ్బంది, మొదట మామూలు సెక్షన్లతో ఎఫ్ఐఆర్ కట్టి అట్రాసిటీ సెక్షను తర్వాత చేర్చడం. సెక్షన్ మార్పు మెమో కలెక్టరాఫీసుకి చేరకపోతే ఫైలే పుట్టదు. ఈ డబ్బు వేరే చట్టాల కింద వచ్చే పరిహారానికి అదనం, 12(5)లో ఆ మాట ఉంది. 'అది తీసుకున్నారు కదా, ఇది రాదు' అంటే ఆ నిబంధన చూపించండి.

సూర్యారావుపేట_మురళి
మగవాళ్ళ మీద కత్తి దాడి జరిగితే?

బ్రాడీపేట_లాయర్
నల్సా పథకంలోని మహిళల భాగం వర్తించదు. రాష్ట్ర బాధితుల పరిహార పథకం వర్తిస్తుంది, అంకెలు తక్కువ. ముద్దాయి తెలిసి విచారణ నడుస్తున్న కేసైతే, నేరుగా సంస్థకి పోయేకంటే విచారణ కోర్టులో 396 కింద మెమో వేసి సిఫారసు తెచ్చుకోవడం బలం. మధ్యంతరం కూడా అక్కడే అడగొచ్చు, సురేష్ వర్సెస్ హరియాణా, 2014. తీర్పు రోజున 395 గురించి కోర్టు ఆలోచించి కారణాలు రాయాలని అంకుష్ గైక్వాడ్ కేసు, 2013. సివిల్ సూటూ ఉంది, కానీ కోర్టు ఫీజు, ఏళ్ళ తరబడి సాగదీత. ముద్దాయికి ఆస్తి ఉంటేనే ఆ ఆలోచన. 395 కింద వచ్చింది సివిల్ కోర్టు లెక్కలోకి తీసుకుంటుంది.

బెంజ్‌సర్కిల్_పద్మ
అందరికీ థాంక్స్. ఆఖరుగా, ఆర్డరు వచ్చింది, డబ్బు రాలేదు. లేదా తక్కువ ఇచ్చారు. అప్పుడు?

కృష్ణలంక_పీఎల్‌వీ
దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, బడ్జెట్ రిలీజ్ కాలేదంటారు. నోటిమాటగా వదిలేయకండి. ఆర్డరు నంబరు, తేదీ వేసి జిల్లా సంస్థ కార్యదర్శికి రాతపూర్వకంగా అడగండి, కాపీ నేలపాడులో హైకోర్టు దగ్గరున్న రాష్ట్ర సంస్థకి పంపండి. అప్పటికీ కదలకపోతే రిట్ పిటిషను, దానికి హైకోర్టు న్యాయ సేవల కమిటీ లాయర్ని ఇస్తుంది.

బ్రాడీపేట_లాయర్
తక్కువ ఇచ్చినా, తిరస్కరించినా రాష్ట్ర సంస్థకి అప్పీలు, గడువు 30 రోజులు. అందుకే ఆర్డరు కాపీ చేతికొచ్చిన తేదీ దాని మీదే రాసి సంతకం పెట్టించుకోండి. అసలు దరఖాస్తుకి గడువు నేరం జరిగిన నాటి నుంచి గానీ విచారణ ముగిసిన నాటి నుంచి గానీ మూడేళ్ళు. దాటితే ఆలస్యం మన్నించమని వేరే పిటిషను జత చేయాలి, ఎందుకు ఆలస్యమైందో ఆసుపత్రి తేదీలతో సహా రాయాలి. 'తెలియక' అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే కొట్టేస్తారు. పద్మగారు చెప్పిన కేసులో డిశ్చార్జికి ముందే మధ్యంతరం దరఖాస్తు పడిపోవాలి. సంతకం పెట్టలేని స్థితిలో ఆమె ఉంటే వేలిముద్ర, అదీ కుదరకపోతే తల్లి పేరు మీద వేసి, ఆమె సంతకం చేసే స్థితిలో లేదని డాక్టరు దగ్గర రెండు వాక్యాల చీటీ తీసుకోండి.